కంటి ఎరుపు వెనక ఒంటి జబ్బు



పారిస్ నగరానికి తూర్పున కూప్‌వ్రే అనే చిన్న ఊరు ఉంది. 1812లో ఆ ఊళ్లో గుర్రపు జీనులు కుట్టే ఒకాయన పనిచేసుకునే చోట, ఆయన మూడేళ్ల కొడుకు తోలుకు తూట్లు పొడిచే ఆరె తీసుకుని ఆడుకుంటున్నాడు. అది జారి కంట్లో గుచ్చుకుంది. దెబ్బ తగిలింది ఒక కంటికే. కానీ ఐదేళ్లు వచ్చేసరికి ఆ పిల్లవాడికి రెండు కళ్లూ కనిపించకుండా పోయాయి. ఆ పిల్లవాడే లూయీ బ్రెయిల్. ప్రపంచంలోని అంధులు వేళ్లతో తడిమి చదువుకునే చుక్కల లిపిని రూపొందించినవాడు. తెలుగు పాఠ్యపుస్తకాలు కూడా ఆ ఆరు చుక్కల లిపిలోనే తయారవుతున్నాయి.

దెబ్బ తగలని రెండో కన్ను ఎందుకు పోయింది? గాయం కుళ్లు అటువైపు కూడా పాకిందని చాలా కథనాలు చెబుతాయి. ఇవాళ్టి కంటి వైద్యులు చాలామంది వేరే కారణం చెబుతారు. గాయపడిన కంటి నుంచి బయటపడిన పదార్థాలను ఆ పిల్లవాడి రోగనిరోధక వ్యవస్థే శత్రువులుగా ఎంచి, అవే పదార్థాలున్న రెండో కంటి మీద కూడా దాడి చేసి ఉంటుందని. ఈ జబ్బుకు సింపథెటిక్ ఆఫ్తాల్మియా అని పేరు. రెండు వందల ఏళ్ల కిందటి రోగికి ఇప్పుడు పరీక్షలు చేయలేం కాబట్టి అది ఊహే. అయితే ఆ జబ్బు మాత్రం ఊహ కాదు. కంటికి లోతైన గాయమైన కొద్ది వారాలకో, నెలలకో, అరుదుగా ఏళ్ల తర్వాతో రెండో కంటికి ఇలా వాపు రావడం ఇప్పటికీ ఉంది.

శరీరంలో కన్ను కొంచెం ప్రత్యేకమైన చోటు. రోగనిరోధక కణాలు అక్కడికి మిగతా అవయవాల్లోకి వెళ్లినంత స్వేచ్ఛగా వెళ్లవు. కంటి లోపలి రక్తనాళాల గోడలు బిగుతుగా ఉండి రక్తంలోని కణాలను అడ్డుకుంటాయి. 1940లలో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెదావర్ కంటి లోపల అంటుకట్టిన పరాయి కణజాలాన్ని శరీరం వెంటనే తిరస్కరించకపోవడం గమనించి, ఈ ప్రత్యేకతను లోకానికి వివరించాడు. ఇందులో అర్థముంది. వేలికి వాపు వచ్చి తగ్గితే చిన్న మచ్చతో పోతుంది. అదే వాపు కంటి లోపల వస్తే, మిగిలిన మచ్చ చూపును శాశ్వతంగా మసకబారుస్తుంది. అందుకే శరీరం అక్కడ తన సైన్యాన్ని అదుపులో పెట్టుకుంటుంది. ఆ అదుపు తప్పినప్పుడు వచ్చే జబ్బుల గురించే ఈ ప్రసంగం.

అదుపు తప్పడానికి గాయమే కానక్కర్లేదు. కీళ్లవాతం, నడుం బిగుసుకుపోయే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్, సొరియాసిస్, లూపస్, థైరాయిడ్, పేగుల పూత. ఇలా ఒంట్లో ఎక్కడో మొదలైన స్వయం దాడి కంటి దాకా రావచ్చు. ఒక్కోసారి ఆ దాడి కంట్లోనే మొదట బయటపడుతుంది.

ముప్పై ఏళ్ల యువకుడొకడిని ఊహించుకోండి. ఒకరోజు పొద్దున్నే ఒక కన్ను ఎర్రబడింది. లోపల లాగుతున్నట్టు నొప్పి. వెలుతురు చూడలేకపోతున్నాడు. చూపు కొద్దిగా మసకగా ఉంది. ఇంట్లోవాళ్లు కండ్లకలక అన్నారు. మందుల షాపులో చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజులు కాస్త నయమనిపించి మళ్లీ ఎక్కువైంది. అతనికి నాలుగైదేళ్లుగా నడుంనొప్పి ఉంది. నిద్ర లేవగానే నడుం పట్టేసి, అటూ ఇటూ తిరిగాక వదులవుతుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గదు, కదిలితే తగ్గుతుంది. బైకు మీద ఎక్కువ తిరుగుతున్నాను కాబట్టి వచ్చిందనుకున్నాడు. కంటి ఎరుపుకూ నడుంనొప్పికీ సంబంధం ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

అతని కంట్లో ఉన్నది కండ్లకలక కాదు, యువైటిస్. తెల్లగుడ్డు కింద, కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరకు వచ్చిన వాపు. రెండింటికీ తేడా ఇంట్లోనే కొంతవరకు తెలుస్తుంది. కండ్లకలకలో పుసి కడుతుంది, దురద ఉంటుంది, తరచు రెండు కళ్లకూ వస్తుంది, చూపు పెద్దగా తగ్గదు. యువైటిస్‌లో పుసి ఉండదు. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంగా కడుతుంది. వెలుతురు బాధిస్తుంది, చూపు మసకబారుతుంది. ఖాయంగా తేల్చాలంటే మాత్రం కంటి డాక్టరు సన్నటి వెలుగుచార వేసే స్లిట్ ల్యాంప్ కింద చూడాల్సిందే. కంటి ముందు గదిలోని నీటిలో తేలే తెల్లకణాలు ఆ వెలుగుచారలో దుమ్ముకణాల్లా కనిపిస్తాయి.

1973లో శాస్త్రవేత్తలు హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే వారసత్వ గుర్తుకూ ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్‌కూ ఉన్న గట్టి సంబంధాన్ని కనుక్కున్నారు. ఇలా ఉన్నట్టుండి వచ్చే యువైటిస్‌కు కూడా అదే గుర్తుతో సంబంధం ఉందని అదే ఏడాది తేలింది. ఐర్లండ్‌లోని డబ్లిన్ వైద్యులు ఆ తర్వాత ఇంకో ఉపయోగకరమైన పని చేశారు. కారణం తెలియని యువైటిస్‌తో కంటి ఆసుపత్రికి వచ్చినవారిని వరసగా కీళ్ల డాక్టరు చేత పరీక్ష చేయించారు. వాళ్లలో దాదాపు 40 శాతం మందికి అప్పటిదాకా ఎవరూ గుర్తించని వెన్నుపూస వాతం ఉన్నట్టు బయటపడింది. అంటే కంటి డాక్టరు ‘మీకు పొద్దున్నే నడుం పట్టేస్తుందా’ అని ఒక్క ప్రశ్న వేస్తే, ఆ మనిషి వెన్ను వంగి బిగుసుకుపోకముందే వైద్యం మొదలవుతుంది. కంటి పరీక్ష గదిలో ఈ ప్రశ్న తప్పనిసరి కావాలి.

వైద్యం ఆలస్యమైతే ఏమవుతుంది? వాచిన రంగు పొర వెనకున్న కటకానికి అతుక్కుపోతుంది. కంటిపాప గుండ్రదనం పోయి వంకరటింకరగా తయారవుతుంది. లోపలి నీటికి దారి మూసుకుపోయి కంటి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే డాక్టర్లు స్టెరాయిడ్ చుక్కలతోపాటు కంటిపాపను పెద్దది చేసే చుక్కలు కూడా ఇస్తారు. ఆ చుక్కలు వేసుకుంటే దగ్గరివి కనిపించవని కొందరు మధ్యలో మానేస్తారు. మానకూడదు. ఆ రోజుల్లో పేపరు చదవలేకపోయినా ఫర్వాలేదు, అతుకులు పడకుండా ఉండటం ముఖ్యం.

పెద్దవాళ్ల సంగతి కనీసం నొప్పి, ఎరుపు పట్టిస్తాయి. పిల్లల విషయంలో అదీ లేదు.

నాలుగేళ్ల పాపకు మోకాలు వాచింది. పొద్దున్నే కుంటుతుంది, మధ్యాహ్నానికి పరుగులు పెడుతుంది. పడిందేమో అనుకుంటారు. వాపు ఆరు వారాలు దాటినా పోకపోతే, వేరే కారణమేదీ కనిపించకపోతే, దాన్ని పిల్లల కీళ్లవాతమంటారు. వైద్యుల భాషలో జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్. పెద్దలకు మాత్రమే వచ్చే జబ్బని చాలామంది అనుకునే వాతం పసిపిల్లలకూ వస్తుంది. ఈ పిల్లల్లో కొందరికి కంటి లోపల వాపు నిశ్శబ్దంగా సాగుతుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, నీళ్లు కారవు. పాప తన చూపు తగ్గిందని చెప్పలేదు, చూపంటే అలాగే ఉంటుందని అనుకుంటుంది. తల్లిదండ్రులు గమనించేసరికి కంట్లో శుక్లం, నల్లగుడ్డు మీద అడ్డపట్టీలా సున్నపు పొర, నీటికాసులు వచ్చేసి ఉంటాయి.

ఎక్కువ ప్రమాదం ఎవరికో వైద్యులకు తెలుసు. ఏడేళ్లలోపు మొదలైన జబ్బు, నాలుగు లేదా అంతకంటే తక్కువ కీళ్లు, రక్తంలో ఏఎన్ఏ పరీక్ష పాజిటివ్. ముఖ్యంగా ఆడపిల్లలు. అలాంటి పిల్లలకు కన్ను ఎంత తేటగా కనిపించినా మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాలి. మోకాలి వాపు తగ్గినా ఈ పరీక్ష మానకూడదు, ఎందుకంటే కీలు నెమ్మదించాక కూడా కంటి వాపు రావచ్చు. ఈ జబ్బుకు వైద్యం కూడా ఇప్పుడు మెరుగైంది. 2017లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 90 మంది పిల్లలున్నారు. అందరికీ రోగనిరోధకతను అదుపు చేసే మెథోట్రెక్సేట్ ఇచ్చి, కొందరికి దానితోపాటు అడాలిముమాబ్ ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. వైద్యం విఫలమైనవారు ఇంజెక్షన్ తీసుకున్న వారిలో 27 శాతం, తీసుకోనివారిలో 60 శాతం. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో అధ్యయనాన్ని అనుకున్న గడువుకంటే ముందే ఆపేశారు. మోకాలు వాచిన పిల్లను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటే విచిత్రంగా తోచవచ్చు. ఈ ప్రసంగంలో ఒక్క సంగతే గుర్తుంచుకోదలిచిన తల్లిదండ్రులు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇక పెద్దవాళ్ల కీళ్లవాతం, రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇందులో కంటికి ఎక్కువగా వచ్చే ఇబ్బంది పొడిబారడం. కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, సాయంత్రానికి మంట. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. స్వీడన్‌లో హెన్రిక్ షోగ్రెన్ అనే యువ కంటి డాక్టరు ఇలా సరిపెట్టుకోలేదు. కళ్లు పొడిబారిన తన రోగుల్లో చాలామందికి నోరు కూడా ఎండిపోతోందని, కీళ్లనొప్పులూ ఉన్నాయని గమనించి 1933లో తన సిద్ధాంత గ్రంథం రాశాడు. కన్నీటి గ్రంథులను, లాలాజల గ్రంథులను శరీరమే ధ్వంసం చేసుకునే ఆ జబ్బును ఇవాళ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఎక్కువగా నడివయసు ఆడవాళ్లకు వస్తుంది. దాన్ని పట్టుకునే పరీక్ష చాలా సులువు. సన్నటి కాగితపు పట్టీ చివరను కింది రెప్పలో ఉంచి ఐదు నిమిషాల్లో అది ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. ఐదు మిల్లీమీటర్లు కూడా తడవకపోతే కన్నీరు బాగా తక్కువైనట్టే. అన్నం ముద్ద మింగడానికి నీళ్లు తాగాల్సి వస్తోందని, పిప్పిపళ్లు ఎక్కువయ్యాయని చెప్పే అమ్మకు కళ్లు కూడా మండుతుంటే, మూడింటినీ ఒకే డాక్టరుకు ఒకేసారి చెప్పాలి.

పొడిబారడం బాధపెడుతుంది. స్క్లెరైటిస్ అంతకంటే చాలా ప్రమాదం. తెల్లగుడ్డే వాచిపోయే ఈ జబ్బులో నొప్పి లోతుగా తొలిచేస్తుంది, నుదుటికీ దవడకూ పాకుతుంది, అర్ధరాత్రి నిద్ర లేపుతుంది. ఎరుపులో కాస్త ఊదా ఛాయ ఉంటుంది. కీళ్లలోనూ తెల్లగుడ్డులోనూ ఉండేది ప్రధానంగా కొల్లాజెనే, ఒకదానికి పట్టిన జబ్బు కొందరిలో రెండోదాన్నీ పట్టవచ్చు. ఏళ్ల తరబడి కీళ్లవాతం ఉన్న కొందరిలో తెల్లగుడ్డు నొప్పి లేకుండానే పలచబడి, కింది పొర నీలంగా బయటికి కనబడుతుంది. మరికొందరిలో నల్లగుడ్డు అంచు కరిగిపోతుంది. ఇవి కనిపించాయంటే ఒంట్లోని రక్తనాళాలకు కూడా వాపు వచ్చి ఉండవచ్చని, మనిషి ప్రాణానికే ముప్పు ఉండవచ్చని 1980లలోనే అమెరికన్ వైద్యులు చూపించారు. గట్టి మందులతో రోగనిరోధకతను అదుపు చేసినవారిలో ఎక్కువమందికి కంటితోపాటు ప్రాణమూ దక్కింది.

ఆ గట్టి మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ వెనక తెలుగువాడి శ్రమ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. వాటిలో అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి తొలిసారి జబ్బును వెనక్కి నెట్టాడు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. సుబ్బారావు గారు 1948లో కన్నుమూశారు. క్యాన్సర్ కోసం పుట్టిన మెథోట్రెక్సేట్‌నే చాలా తక్కువ మోతాదులో కీళ్లవాతానికీ, సొరియాసిస్‌కూ, యువైటిస్‌కూ ప్రపంచమంతటా వాడుతున్నారు. 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం మదురైలోని అరవింద్ ఆసుపత్రి సహా పలు దేశాల్లో సాగింది. అందులో యువైటిస్‌కు మెథోట్రెక్సేట్ కంటే మైకోఫినోలేట్ అనే మందు మెరుగని తేలలేదు. మెథోట్రెక్సేట్ మాత్ర చవక, మైకోఫినోలేట్ ఖరీదు. మన కుటుంబాలకు ఈ ఫలితం ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ మాత్ర గురించి ఒక హెచ్చరిక. దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాయించుకుని గోడకు అంటించుకోవాలి. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి, ఈ మందు బిడ్డకు హాని చేస్తుంది.

మన దేశంలో కంటి డాక్టర్లు చూసే ఇంకో జబ్బుంది. ముగ్గురు వైద్యుల పేర్లు కలిపి దాన్ని వోగ్ట్-కోయనాగి-హరాడా అంటారు. చామనఛాయ ఉన్న జాతుల్లో ఇది ఎక్కువ. శరీరానికి రంగునిచ్చే కణాల మీదే దాడి జరుగుతుంది. ఆ కణాలు కంట్లో, చెవిలో, మెదడు పొరల్లో, చర్మంలో ఉంటాయి. అందుకే తలనొప్పి, చెవుల్లో హోరు, ఆ వెంటనే రెండు కళ్లకూ చూపు మందగించడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కొన్ని నెలలకు కనురెప్పల వెంట్రుకలు తెల్లబడవచ్చు, బొల్లి మచ్చలు రావచ్చు. మొదటి వారాల్లోనే తగినంత మోతాదులో స్టెరాయిడ్లు మొదలుపెట్టి నెలల తరబడి నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. బాగుందనిపించగానే మాత్రలు ఆపేసినవారికి జబ్బు తిరగబెట్టి మొండిదవుతుంది.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులో కనుగుడ్లు ముందుకు పొడుచుకురావడం చాలామంది చూసే ఉంటారు. కంటి వెనకున్న కండరాలు, కొవ్వు వాయడం దానికి కారణం. రెప్పలు పూర్తిగా మూతపడవు, ఒకటి రెండుగా కనిపిస్తుంది, వాపు కంటి నరాన్ని నొక్కితే రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. రక్తంలో థైరాయిడ్ లెక్కలు సరిగా ఉన్నప్పుడు కూడా ఇది రావచ్చు. ఇందులో రోగి చేతిలో ఉన్నది ఒకటుంది, పొగ మానేయడం. సిగరెట్టు, బీడీ ఈ కంటి జబ్బు వచ్చే ముప్పును పెంచుతాయి, ముదిరేలా చేస్తాయి, వైద్యం ప్రభావాన్ని తగ్గిస్తాయి.

కంటిని కదిపితే నొప్పి, ఎరుపు రంగు వెలవెలబోవడం, కొద్దిరోజుల్లోనే ఒక కంటి చూపు తగ్గడం కంటి నరం వాపుకు గుర్తులు. కొందరిలో అది నరాల మీద శరీరమే దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు తొలి సంకేతం. యాభై దాటినవారికి కొత్తగా తలనొప్పి వచ్చి, నములుతుంటే దవడ నొప్పి పుట్టి, దువ్వుకుంటే మాడు నొప్పి పుడుతుంటే అది తల రక్తనాళాల వాపు కావచ్చు. మన దేశంలో అరుదైనా, చూపు రాత్రికి రాత్రి పోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మందుల వల్ల కంటికి వచ్చే చిక్కుల గురించీ చెప్పాలి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మంచం పట్టిన కీళ్లవాతపు రోగికి కార్టిసోన్ ఇస్తే కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే ఆయనకూ, మరో ఇద్దరు శాస్త్రవేత్తలకూ నోబెల్ బహుమతి వచ్చింది. స్టెరాయిడ్లు కళ్లను కాపాడతాయి. అవే స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే శుక్లాన్ని తెస్తాయి, కొందరిలో కంటి ఒత్తిడి పెంచి నీటికాసులు తెస్తాయి. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు. కంటి దురదకని చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకోవడం ఎంత ప్రమాదమో ఇందులోనే ఉంది. అలాగని డాక్టరు రాసిన స్టెరాయిడ్ మాత్రలను భయంతో ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే.

లూపస్‌కూ కీళ్లవాతానికీ వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర విషయంలో భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. ఒంటి బరువులో కిలోకు రోజుకు ఐదు మిల్లీగ్రాములు మించకుండా వాడితే మొదటి ఐదేళ్లలో రెటీనాకు హాని జరిగే అవకాశం ఒక శాతం లోపే. ఇరవై ఏళ్లు దాటితే అది దాదాపు 20 శాతానికి చేరుతుంది. అందుకని మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా రెటీనా స్కాన్, చూపు విస్తృతి పరీక్ష చేయించుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే ఇంకా ముందునుంచే. పరీక్షలు చేయించుకుంటూ మాత్ర కొనసాగించేవారికి ఇది మంచి మందు.

మన దగ్గర ఇంకో జాగ్రత్త కూడా కావాలి. క్షయ క్రిములు కూడా అచ్చం ఇలాంటి యువైటిస్‌నే తెస్తాయి. రోగనిరోధకతను తగ్గించే ఇంజెక్షన్లు మొదలుపెడితే ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ లేవవచ్చు. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష రాస్తే, కంటి జబ్బుకు ఇవెందుకని విసుక్కోకుండా చేయించుకోవాలి.

మన వైద్యం ముక్కలుగా విడిపోయి ఉంది. కంటికొక ఆసుపత్రి, కీళ్లకొక క్లినిక్, చర్మానికి ఇంకొకచోటు. ఒకరు రాసిన కాగితం ఇంకొకరికి చేరదు. ఆ కాగితాలను కలిపే బాధ్యత చివరికి రోగి మీదే పడుతోంది. ఇది న్యాయం కాదు, అయినా ఇవాళ్టికి ఉన్న దారి ఇదే. కాబట్టి ఈ ప్రసంగం వింటున్న మీలో ఎవరికైనా కీళ్లవాతం, సొరియాసిస్, లూపస్, థైరాయిడ్ ఉంటే, కంటి డాక్టరు గదిలో కూర్చోగానే ఆ సంగతి మొదట చెప్పండి. వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో పట్టుకెళ్లి చూపించండి. కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కంటి ఎరుపు, గరగర, మసక గురించి చెప్పండి. పుసి లేకుండా కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతుంటే మందుల షాపు దగ్గర ఆగకండి, కంటి ఆసుపత్రికి వెళ్లండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మోకాలు వాచి కుంటే చిన్నపిల్ల ఉంటే, ఈ వారంలోనే ఆ పాప కళ్లకు స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించమని వాళ్ల అమ్మానాన్నలకు చెప్పండి.